కొవ్వు గడ్డ చాటున లైపోసార్కోమా: కోతకు ముందు ఏం చేయాలి, ఆ తర్వాత ఏం చేయాలి

చర్మం కింద మెత్తగా ఉండి, వేలితో నొక్కితే పక్కకు జారుతూ, ఏళ్ల తరబడి అదే సైజులో ఉండిపోయే గడ్డని మనం కొవ్వు గడ్డ అంటాం. డాక్టర్లు లైపోమా అంటారు. అది క్యాన్సర్ కాదు. ఇబ్బంది పెట్టకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇలాంటివి వందకు పైగా కనిపిస్తే గానీ కొవ్వు కణాల్లో పుట్టే క్యాన్సర్, అంటే లైపోసార్కోమా, ఒకటి ఎదురుకాదు. చిక్కంతా అక్కడే ఉంది. తొంభై తొమ్మిది సార్లు "ఏం కాదమ్మా, కొవ్వు గడ్డే" అన్నమాట నిజమయ్యేసరికి నూరోసారి కూడా అదే మాట నోటికొస్తుంది. మత్తు సూది వేసి అరగంటలో గడ్డ తీసేస్తారు. ముక్కని ల్యాబ్‌కి పంపుతారు, ఒక్కోసారి అదీ పంపరు. పది రోజులకు రిపోర్టులో సార్కోమా, అంటే కొవ్వు, కండరం లాంటి మెత్తని భాగాల్లో పుట్టే క్యాన్సర్, అని వస్తుంది. అప్పటికే గడ్డ చుట్టూ ఉన్న పొరలన్నీ తెరుచుకుని, దాని కణాలు కారిన రక్తంతో పాటు పక్క కండరాల్లోకి చేరి ఉంటాయి. ముందే తెలిసి ఉంటే ఒక్క ఆపరేషన్‌తో పోయేదానికి రెండోది, ఇంకా పెద్దది కావాల్సి వస్తుంది.

అందుకే ఈ జబ్బులో ఏ పని చేశారన్నదెంత ముఖ్యమో ఏ వరుసలో చేశారన్నదీ అంతే ముఖ్యం. ముందు స్కాన్, తర్వాత సూదితో ముక్క, ఆ రిపోర్టు చూసి సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు కలిసి వేసే ప్లాను, అన్నిటికీ చివర కోత.

ఏ గడ్డని అనుమానించాలి

నాలుగు సంగతులు చూసుకోండి: సైజు 5 సెంటీమీటర్లు దాటిందా (దాదాపు పెద్ద నిమ్మకాయంత), పెరుగుతోందా, కండరాన్ని కప్పి ఉండే పొర కింద లోతుగా ఉందా, ఇంతకుముందు తీయించాక అదే చోట మళ్లీ వచ్చిందా. వీటిలో ఒక్కటి ఉన్నా స్కాన్ తీయకుండా కోత పెట్టనివ్వకండి. తొడ, పిరుదు, భుజం వెనక, పొట్ట లోపలి వెనక భాగం, ఇవి లైపోసార్కోమా ఎక్కువగా పుట్టే చోట్లు.

లోతు ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. గడ్డ తొడ మీద ఉంటే వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు పైకెత్తండి. కండరం బిగిసినప్పుడు కూడా గడ్డ ఎప్పటిలా అటూ ఇటూ కదులుతుంటే అది పైపొరలో ఉన్నట్టు. బిగించగానే కదలకుండా పట్టేసినట్టైతే, లేదా లోపలికి పోయి చేతికి అందకపోతే, కండరంలోనో దాని కిందో ఉన్నట్టు. ఇది పక్కా పరీక్ష కాకపోయినా డాక్టరు దగ్గర చెప్పాల్సిన విషయమే.

పెరుగుతోందో లేదో జ్ఞాపకం మీద వదలకండి. దర్జీ టేపుతో పొడవు, వెడల్పు కొలిచి తేదీతో రాసుకోండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నెల తర్వాత అదే భంగిమలో మళ్లీ కొలవండి. ఈ నెల గడువు చిన్న గడ్డలకు, చర్మం కిందే ఉన్నవాటికి మాత్రమే. ఇప్పటికే 5 సెంటీమీటర్లు దాటినదాన్ని, లోతున ఉన్నదాన్ని కొలుస్తూ కూర్చోవడం కాలహరణం.

నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకోవడం ఈ జబ్బులో అందరూ చేసే పొరపాటు. సార్కోమా చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతుంది. నొక్కితే నొప్పెట్టే చిన్న చిన్న గడ్డలు ముంజేతుల మీద గుంపుగా ఉంటే అవి చాలావరకు యాంజియోలైపోమాలు, పూర్తిగా నిరపాయం. ఇంకో పొరపాటు దెబ్బకు ముడిపెట్టడం. "బండి మీంచి పడ్డాను, రక్తం గడ్డకట్టింది" అని నెలలు గడుపుతారు. గడ్డ అప్పటికే ఉండి, దెబ్బ తగిలాక చెయ్యి అక్కడికి పోవడంతో బయటపడి ఉండొచ్చు. కమిలిన గడ్డ అయితే వారాల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, పెరిగినా స్కానింగ్‌కి వెళ్లాలి. ఈలోపు నూనె మర్దనా, కాపడం, పసరు కట్టు పెట్టొద్దు. వాటితో గడ్డ కరగదు, చర్మం కాలి పుండైతే తర్వాతి ఆపరేషన్‌కి ఇబ్బంది.

పొట్ట లోపలి వెనక భాగంలో, కిడ్నీల చుట్టూ ఉండే కొవ్వులో పుట్టేది మరీ గుట్టుగా పెరుగుతుంది. అక్కడ చోటెక్కువ. పదిహేను, ఇరవై సెంటీమీటర్లు అయ్యేదాకా చాలామందికి తెలియదు. బరువు పెరగకుండానే నడుం దగ్గర బట్టలు బిగుతవడం, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండటం, ఒక కాలు మాత్రమే వాయడం, మరేదో కారణానికి తీసిన స్కాన్‌లో కిడ్నీ పక్కకు జరిగి కనిపించడం, ఇవి దాని ఆనవాళ్లు. గజ్జలో హెర్నియా (పేగు జారడం) అనుకుని ఆపరేషన్‌కి వెళ్లిన పెద్ద వయసు మగవాళ్లలో, తెరిచి చూస్తే పేగుకు బదులు గట్టి కొవ్వు ముద్ద ఉండటం కూడా ఈ కోవలోదే. పొట్టలోని గడ్డ కిందికి దిగి గజ్జలో తేలుతుంది. అలా కనిపించిన కొవ్వును పారేయకుండా పరీక్షకు పంపాలి, పొట్ట సీటీ తీయించాలి.

పిల్లల విషయం వేరు. మూడేళ్లలోపు బిడ్డలో త్వరగా పెరిగే కొవ్వు గడ్డ చాలావరకు లైపోబ్లాస్టోమా అవుతుంది. అది పెరిగినా పాకదు, పూర్తిగా తీసేస్తే సరిపోతుంది.

స్కాన్: ఏది, ఎలా, ఎప్పుడు

అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టొచ్చు. గడ్డ చర్మం కిందే ఉండి, 5 సెంటీమీటర్లలోపే ఉండి, అల్ట్రాసౌండ్‌లో అచ్చం లైపోమాలా కనిపిస్తే అక్కడితో ఆగవచ్చు. లోతైన గడ్డకి అల్ట్రాసౌండ్ మాట చివరి మాట కాదు.

చేతులు, కాళ్లు, మెడ, వీపు గడ్డలకు కావలసింది ఎంఆర్ఐ. అది ముక్క పరీక్షకు ముందే జరగాలి. సూది పడ్డాక లోపల కారిన రక్తం స్కాన్‌లో గడ్డ భాగంలాగే కనిపించి లెక్క తప్పిస్తుంది. డాక్టరు రాసే చీటీలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: టీ1, టీ2 చిత్రాలు, కొవ్వు సిగ్నల్‌ని అణచి తీసే చిత్రాలు, గాడోలినియం అనే, గడ్డని వెలిగించి చూపే మందు ఇంజెక్షన్ ఇచ్చి తీసే చిత్రాలు. గాడోలినియంకి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో చూడాలి. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. గడ్డ మీద చర్మానికి చేపనూనె క్యాప్సూల్ ఒకటి టేపుతో అంటించి తీస్తే, దాని చోటు ఫిల్ములో స్పష్టంగా తెలుస్తుంది. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరుకు అసలు పనికొచ్చేది అదే.

ఇంజెక్షన్ లేకుండా తీసిన ఎంఆర్ఐ ఖర్చు తగ్గిస్తుంది గానీ, ఒక ముఖ్యమైన రకాన్ని దాచేస్తుంది. మిక్సాయిడ్ లైపోసార్కోమాలో కొవ్వు చాలా తక్కువ, జిగురు పదార్థం ఎక్కువ. టీ2 చిత్రాల్లో అది నీటి సంచిలా తెల్లగా మెరుస్తుంది. ఇంజెక్షన్ ఇవ్వకపోతే "తొడ కండరాల మధ్య సిస్టు" అని రిపోర్టు వస్తుంది, ఎవరో సూదితో నీరు లాగబోతారు. మందు ఎక్కిస్తే మాత్రం నీటి సంచి లోపల నల్లగానే ఉండిపోతుంది, ఈ గడ్డ వెలుగుతుంది.

రిపోర్టులో వెతకాల్సిన మాటలివి. గడ్డ అంతా ఒంటి కొవ్వులాగే కనిపించి, కొవ్వుని అణచిన చిత్రంలో పూర్తిగా మాయమై, లోపలి గీతలు దారాల్లా సన్నగా ఉంటే అది లైపోమా. ఆ గీతలు 2 మిల్లీమీటర్ల కన్నా మందంగా, ముడులు పడి, మందు పీల్చుకుంటూ ఉండి, గడ్డ 10 సెంటీమీటర్లు దాటి, మనిషి వయసు అరవై పైబడి ఉంటే లైపోమాకి ఒక మెట్టు పైనున్న ఎటిపికల్ లైపోమేటస్ ట్యూమర్‌ని అనుమానించాలి. కొవ్వు మధ్యలో సెంటీమీటరుకు మించిన గట్టి ముద్ద, కొవ్వు లేనిది, కనిపిస్తే డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా కావచ్చు. ఇది ప్రమాదకరం. ఇంకోవైపు హైబర్నోమా అనే గడ్డ ఉంది, పసిపిల్లల్లో వెచ్చదనం ఇచ్చే గోధుమరంగు కొవ్వు నుంచి పుడుతుంది. దాంట్లో రక్తనాళాలు లావుగా ఉంటాయి, పెట్ స్కాన్‌లో క్యాన్సర్ కన్నా ఎక్కువగా వెలుగుతుంది. అయినా అది నిరపాయమే. పెట్‌లో వెలిగిందన్న ఒక్క కారణంతో క్యాన్సర్ అని తేల్చకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పొట్టలోని గడ్డకు ఇంజెక్షన్‌తో సీటీ తీయాలి, ఛాతీ, పొట్ట, పొత్తికడుపు కలిపి. కొవ్వు గడ్డ కిడ్నీలోంచి పుట్టిందా, పక్కన పుట్టి కిడ్నీని నెట్టిందా అన్నది రేడియాలజిస్టు తప్పక చెప్పాలి. కిడ్నీ అంచులో గంటు ఉండి, అక్కడి నుంచి లావు రక్తనాళాలు గడ్డలోకి వెళ్తుంటే అది యాంజియోమయోలైపోమా, దాని చికిత్స పూర్తిగా వేరు. అడ్రినల్ గ్రంథిలో పుట్టే మైలోలైపోమా కూడా కొవ్వుతోనే ఉంటుంది, అదీ నిరపాయమే. పడుచు మగవాళ్లలో పొట్ట వెనక గడ్డ కనిపిస్తే వృషణాల పరీక్ష, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్త పరీక్షలు చేయకుండా ముందుకు పోకూడదు. వృషణాల్లాంటి చోట్ల బీజ కణాల్లోంచి పుట్టే జర్మ్ సెల్ ట్యూమర్ అయితే దానికి కీమోనే ప్రధాన చికిత్స.

ముక్క పరీక్ష

సన్న సూదితో కణాలు లాగే ఎఫ్ఎన్ఏసీ మన దగ్గర ప్రతి గడ్డకీ మొదట చేసే పని. కొవ్వు గడ్డల్లో అది దాదాపు నిరుపయోగం. సూదిలోకి వచ్చేది నాలుగు కొవ్వు కణాలు, రిపోర్టు "లైపోమా". దాన్ని నమ్మి కోతకు వెళ్లడమే ముందు చెప్పిన కథకు మూలం.

కావలసింది కోర్ బయాప్సీ. 14 లేదా 16 గేజి సూదితో, అల్ట్రాసౌండ్ లేదా సీటీ చూస్తూ, నాలుగు నుంచి ఆరు ముక్కలు తీయాలి. ఎక్కడి నుంచి తీశారన్నది ఎన్ని తీశారన్న దానికన్నా ముఖ్యం. మామూలు కొవ్వులా కనిపించే భాగంలోంచి పది ముక్కలు తీసినా లైపోమా అనే వస్తుంది. ఎంఆర్ఐలో మందు పీల్చుకున్న గట్టి భాగంలోంచి తీస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ముక్క తీసే రేడియాలజిస్టు ముందు ఎంఆర్ఐ తెరిచి ఉండాలి.

సూది దిగే చోటును తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయించాలి. ఆ దారిని కూడా గడ్డతో పాటు కోసి తీసేయాల్సి రావచ్చు. చేతికి, కాలికి నిలువుగా, ఒకే కండరాల అర లోంచి, పెద్ద నరాలకీ రక్తనాళాలకీ కీలుకీ దూరంగా పోవాలి. ఒకవేళ కత్తితో కోసి ముక్క తీయాల్సి వస్తే కోత కాలి పొడవునే ఉండాలి. అడ్డంగా పెట్టిన కోత తర్వాతి ఆపరేషన్‌లో తీయాల్సిన చర్మాన్ని రెండింతలు చేస్తుంది. పొట్టలోని గడ్డకి వీపు వైపు నుంచి, బయటి గొట్టంలోంచి లోపలి సూది పోయే పద్ధతిలో తీయాలి. ముందు నుంచి, పేగుల సంచిలోంచి పోకూడదు. గడ్డని మొత్తంగా తీసి పరీక్షించే పద్ధతి 3 సెంటీమీటర్లలోపు, చర్మం కింది చిన్నవాటికే సరి.

ముందుగా రక్తం సరిగా గడ్డకడుతుందో తెలిపే ప్లేట్‌లెట్లు, పీటీ ఐఎన్ఆర్ పరీక్షలు చూస్తారు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే బిళ్లలు వాడేవాళ్లు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరుని అడగాలి, సొంతంగా ఆపకూడదు. తీసిన ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి పదింతల ద్రావణంలో మునగాలి. సెలైన్‌లో వేసి రాత్రంతా ఉంచితే కణాలు పాడైపోతాయి. డబ్బాతో పాటు వెళ్లే కాగితంలో వయసు, చోటు, లోతు, సైజు, ఎంఆర్ఐ ఏమంటోంది అన్నవి రాయాలి. "గడ్డ, తొడ" అని రెండే మాటలు రాసి పంపితే పాతాలజిస్టుకు అనుమానించే కారణమే ఉండదు.

"సూది పెడితే క్యాన్సర్ కదిలి పాకుతుంది" అనే భయంతో ముక్క పరీక్ష వద్దనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సరైన దారిలో తీసిన కోర్ బయాప్సీతో అలా జరగడం బహు అరుదు. నిజంగా పాకించేది, పేరు తెలియని గడ్డని ముక్కలు ముక్కలుగా తీసేసే కోత.

రిపోర్టు వచ్చాక

లైపోసార్కోమా ఒక్క జబ్బు కాదు. పేరులో తోక ఏమిటన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది.

ఎటిపికల్ లైపోమేటస్ ట్యూమర్, వెల్ డిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అన్నవి మైక్రోస్కోపు కింద ఒకటే. చేతుల్లో, కాళ్లలో ఉంటే మొదటి పేరు, పొట్ట వెనక, ఛాతీ లోపల ఉంటే రెండో పేరు. పేరు మారడానికి కారణం ఉంది. కాలిలో దాన్ని మొత్తంగా తీయగలరు, అది ఒంట్లో వేరే చోటికి పాకదు, ప్రమాదకర రూపంలోకి మారడం 2 శాతం లోపే. పొట్ట వెనక పూర్తిగా తీయడం కష్టం, మళ్లీ మళ్లీ వస్తుంది, 20 శాతం పైగా డీడిఫరెన్షియేటెడ్‌గా మారుతుంది. కాబట్టి తొడ గడ్డ రిపోర్టులో మొదటి పేరు చూసి బెంబేలెత్తొద్దు.

ఈ జాతిని లైపోమా నుంచి విడదీసేది ఎండీఎం2 అనే జన్యువు. 12వ క్రోమోజోములో ఉండే ఈ జన్యువు, దాని పక్కనుండే సీడీకే4 ఈ గడ్డల్లో అనేక ప్రతులుగా పెరిగిపోతాయి. రంగు వేసి చూసే ఐహెచ్‌సీ పరీక్ష చవక, కానీ కొవ్వు చచ్చిపోయిన చోట చేరే మాక్రోఫేజ్ కణాలు కూడా దాంట్లో రంగు పట్టి మోసం చేస్తాయి. ఫిష్ అనే పరీక్ష జన్యువు ప్రతులను లెక్కపెడుతుంది, అదే నమ్మదగింది. అన్ని లైపోమాలకూ దీన్ని చేయించడం డబ్బు దండగ. తీసిన తర్వాత మళ్లీ వచ్చిన గడ్డ, కండరంలో లోతుగా ఉన్న పెద్ద గడ్డ, ముఖ్యంగా యాభై దాటినవాళ్లలో 10 సెంటీమీటర్లకు మించినది, పొట్ట వెనకది, మైక్రోస్కోపులో కణాలు కాస్త తేడాగా ఉన్నది, వీటికి తప్పక అడగండి. మెడ వెనక భాగంలో, నలభై అయిదు నుంచి అరవై ఏళ్ల మగవాళ్లలో వచ్చే స్పిండిల్ సెల్ లైపోమా చూడ్డానికి తేడాగా ఉన్నా నిరపాయం. దాంట్లో ఎండీఎం2 పెరగదు.

మిక్సాయిడ్ రకం ముప్పై నుంచి యాభై ఏళ్లవాళ్లలో, ఎక్కువగా తొడలో వస్తుంది. దీంట్లో 12, 16 క్రోమోజోముల ముక్కలు చోట్లు మారి ఎఫ్‌యూఎస్, డీడీఐటీ3 జన్యువులు అతుక్కుంటాయి. ఫిష్‌తో తేల్చవచ్చు. రిపోర్టులో గుండ్రటి కణాల భాగం 5 శాతం దాటిందా లేదా అని తప్పక ఉండాలి, దాటితే అది ఉధృతమైన రకం. మిగతా సార్కోమాలు ఊపిరితిత్తులకు పాకితే, ఇది వెన్నుపూసలకు, పొట్ట వెనక్కి, ఇంకో కాలి కండరానికి కూడా పోతుంది. వెన్నులోకి పోయినవి బోన్ స్కాన్‌లోనూ పెట్‌లోనూ తరచు కనిపించవు. అందుకే వీళ్లకి ఛాతీ, పొట్ట సీటీతో పాటు వెన్ను మొత్తానికి ఎంఆర్ఐ చేయించాలి.

ప్లియోమార్ఫిక్ రకం అరుదైనది, పెద్ద వయసువాళ్ల కాళ్లు చేతుల్లో వచ్చి ఊపిరితిత్తులకు త్వరగా పాకుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చేరిన మిక్సాయిడ్ ప్లియోమార్ఫిక్ రకం అంతకన్నా అరుదు, ఎక్కువగా పిల్లల్లో, పడుచువాళ్లలో వస్తుంది.

గ్రేడు అంటే గడ్డ ఎంత ఉధృతమో చెప్పే అంకె. దాని లెక్క ఇలా ఉంటుంది: కణాల రూపానికి 1 నుంచి 3, విభజన వేగానికి 1 నుంచి 3, చచ్చిన భాగానికి 0 నుంచి 2 మార్కులు. మొత్తం 2, 3 అయితే గ్రేడ్ 1. 4, 5 అయితే గ్రేడ్ 2. 6 ఆపైన గ్రేడ్ 3.

సార్కోమా అని వచ్చినా, అనుమానం అని వచ్చినా స్లైడ్లతో పాటు మైనం దిమ్మలు, అంటే పారఫిన్ బ్లాకులు, ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకోండి. వీటిని ఏళ్ల తర్వాత కూడా మళ్లీ పరీక్షించవచ్చు. ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది. సార్కోమాలు ఎక్కువగా చూసే పాతాలజిస్టు వాటిని మళ్లీ చూడటం అతి జాగ్రత్త అనిపించుకోదు. ముంబై టాటా మెమోరియల్ లాంటి పెద్ద కేంద్రాలు బయటి స్లైడ్లను తామే మళ్లీ చూశాకే చికిత్స మొదలుపెడతాయి. తెలుగువాళ్లకు హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ పరిధిలో దగ్గరలో ఉన్నవి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, కీమోలకు వర్తిస్తాయి. ఏ మందు ప్యాకేజీలో ఉందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగాలి.

ఆపరేషన్, రేడియేషన్

కాలిలోనో చేతిలోనో ఉన్న ఎటిపికల్ లైపోమేటస్ ట్యూమర్‌ని దాని పొర చెదరకుండా ఒకే ముద్దగా తీస్తే చాలు. నరాన్ని, పెద్ద రక్తనాళాన్ని బలిచేసి చుట్టూ వెడల్పుగా కోయనక్కర్లేదు, రేడియేషన్ కూడా మామూలుగా అవసరం రాదు. మిగతా రకాలకు చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన కండరంతోనో, చెక్కుచెదరని గట్టి పొరతోనో కలిపి తీయాలి. గడ్డ పొరని చీల్చి గుజ్జుని వేలితో ఒలిచి తీసే పద్ధతి లైపోమాకి సరిపోతుంది, ఇక్కడ అదే ద్రోహం చేస్తుంది. సార్కోమా చుట్టూ కనిపించే పొర నిజమైన గోడ కాదు, నొక్కుకుపోయిన కణాల అట్ట. దాన్ని వదిలేస్తే జబ్బుని వదిలేసినట్టే.

సర్జన్ చిన్నగా చేసే కొన్ని పనులు తర్వాత పెద్దగా ఉపయోగపడతాయి. రక్తం పోయే డ్రెయిన్ గొట్టం కోత వరుసలోనే, దానికి దగ్గరగా బయటికి రావాలి. దూరంగా పెడితే ఆ దారి కూడా అనుమానపు చోటే అవుతుంది. తీసిన ముద్దకి పైభాగం, లోపలి భాగం తెలిసేలా కుట్లతో గుర్తులు పెట్టాలి. గడ్డ ఉన్న చోటు హద్దుల్లో చిన్న లోహపు క్లిప్పులు పెడితే రేడియేషన్ డాక్టరుకు దారి దొరుకుతుంది.

కాలు తీసేయాల్సిందేనా అన్నది అందరి మొదటి ప్రశ్న. 1982లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో కాలు తీసేసినవాళ్లు, కాలు నిలిపి రేడియేషన్ ఇచ్చినవాళ్లు బతికిన కాలంలో తేడా కనిపించలేదు. అప్పటి నుంచి కాలు తీయడం చివరి మార్గమైంది.

మన వైపు కరెంటు పెట్టడం అనే రేడియేషన్‌ని పెద్ద, లోతైన, గ్రేడ్ ఎక్కువున్న గడ్డలకు ఇస్తారు. ఆపరేషన్‌కి ముందైతే 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), 25 విడతల్లో, అయిదు వారాలు. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి కోత. ఆపరేషన్ తర్వాతైతే 60 నుంచి 66 గ్రే. ముందు ఇస్తే పుండు మానడంలో ఇబ్బందులు దాదాపు 35 శాతం మందిలో వస్తాయి, తర్వాత ఇస్తే 17 శాతంలో. తర్వాత ఇచ్చినప్పుడు డోసు, పరిధి రెండూ పెద్దవి కాబట్టి ఏళ్లు గడిచాక కాలు బిగుసుకుపోవడం, వాపు, కీలు వంగకపోవడం ఎక్కువ. పుండు ఆలస్యంగానైనా మానుతుంది, బిగుసుకున్న కాలు మాత్రం మళ్లీ వదులవదు. అందుకే ముందు ఇచ్చే పద్ధతి వైపే మొగ్గు. మిక్సాయిడ్ రకం రేడియేషన్‌కి బాగా కరుగుతుంది. దానికి 18 విడతల్లో 36 గ్రే చాలని 2021లో వెలువడిన పరిశోధన చూపింది. పుండు మీద దెబ్బ కూడా అంత తక్కువ.

పొట్ట వెనక గడ్డకు మొదటి ఆపరేషనే అసలైన అవకాశం. ఆ వైపు పెద్దపేగు, తరచు కిడ్నీ, ఒక్కోసారి నడుం కండరం పైపొరతో సహా మొత్తాన్ని ఒకే ముద్దగా తీస్తారు. "కిడ్నీ బాగానే ఉంది కదా, ఎందుకు తీశారు" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. గడ్డ కిడ్నీలోకి పోకపోయినా దాని చుట్టూ కొవ్వంతా గడ్డదే అయినప్పుడు కిడ్నీని ఒలిచి విడదీయడం కుదరదు. అందుకే ఆపరేషన్‌కి ముందు ఒక్కో కిడ్నీ పనితీరుని విడిగా చూపే డీటీపీఏ రీనోగ్రామ్ స్కాన్‌తో రెండో కిడ్నీ ఒక్కటే భారం మోయగలదా చూడాలి. సగం తీసి సగం వదిలే ఆపరేషన్, ముక్కలు చేసి చిన్న రంధ్రాల్లోంచి తీసే ఆపరేషన్ రెండూ నష్టమే. ఇక్కడ ముందస్తు రేడియేషన్‌తో లాభం ఉంటుందని చాలాకాలం ఆశించారు. 2020లో వచ్చిన స్ట్రాస్ అనే పరిశోధనలో 28 విడతల్లో 50.4 గ్రే ఇచ్చినా మొత్తం మీద జబ్బు తిరిగి రావడం తగ్గలేదు. కాబట్టి దీన్ని అందరికీ రాయకూడదు. వెల్ డిఫరెన్షియేటెడ్ రకంలో కొంత మేలు ఉండొచ్చన్న సూచన ఉంది, దాన్ని బృందమే తేల్చాలి.

లైపోమా అనుకుని ఇప్పటికే తీసేసి ఉంటే? పాత ఆపరేషన్ నోట్సు, ల్యాబ్ రిపోర్టు, బ్లాకులు, పాత స్కాన్‌లు పోగుచేసి సార్కోమా చూసే కేంద్రానికి వెళ్లండి. కోత చోటుకి ఎంఆర్ఐ తీసి, చాలామందికి ఆ మచ్చతో సహా మళ్లీ వెడల్పుగా తీస్తారు. పైకి ఏమీ కనిపించకపోయినా అక్కడ జబ్బు మిగిలి ఉండటం మామూలే. మొదటి సర్జన్‌తో గొడవకు దిగి నెలలు పోగొట్టుకోవద్దు, ఆయన దగ్గరున్న నోట్సు ఇప్పుడు మీకు అవసరం.

మందులు

వెల్ డిఫరెన్షియేటెడ్ రకం కీమోకి దాదాపు లొంగదు. మిక్సాయిడ్ బాగా లొంగుతుంది, డీడిఫరెన్షియేటెడ్, ప్లియోమార్ఫిక్ రకాలు మధ్యస్థం. పాకిన జబ్బుకి మొదటి మందు డాక్సోరుబిసిన్, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు, 21 రోజులకోసారి. ఆరు విడతలకు చదరపు మీటరుకు మొత్తం 450 మిల్లీగ్రాములవుతుంది. గుండె కండరం తట్టుకునే హద్దు అక్కడినుంచే మొదలవుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు, మధ్యలో ఎకో తీయాలి. గడ్డని త్వరగా తగ్గించాల్సి వస్తే ఐఫాస్ఫమైడ్ కలుపుతారు. మూత్రాశయం దెబ్బతినకుండా దానితో మెస్నా అనే మందు తప్పనిసరి.

తర్వాతి వరుసలో ట్రాబెక్టెడిన్, ఎరిబులిన్. అమెరికా ఔషధ సంస్థ మొదటిదాన్ని 2015లో, రెండోదాన్ని 2016లో ఈ జబ్బుకి అనుమతించింది. ట్రాబెక్టెడిన్‌ని 24 గంటలు ఎక్కిస్తారు, చేతి రక్తనాళం బయటికి కారితే కండ కుళ్లుతుంది కాబట్టి ఛాతీలో చర్మం కింద అమర్చే పోర్టు కావాలి. ముందు డెక్సామెథాసోన్ ఇస్తారు, లివర్ పరీక్షలు తప్పక చూస్తారు. మిక్సాయిడ్ రకంలో దీని పని బాగుంటుంది. ఎరిబులిన్ మొదటి రోజు, ఎనిమిదో రోజు కొద్ది నిమిషాల ఇంజెక్షన్. పరిశోధనలో లైపోసార్కోమా ఉన్నవాళ్లు పాత మందుతో సగటున 8.4 నెలలు, దీనితో 15.6 నెలలు బతికారు. అరికాళ్ల తిమ్మిరి మొదలైతే డాక్టరుకు చెప్పాలి.

పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్లు కీమో మొదలు కాకముందే వీర్యం, అండాలు దాచుకోవడం గురించి అడగాలి. మొదటి విడత పడ్డాక అడగడం ఆలస్యమవుతుంది. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు చేరితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లి తెల్ల కణాల లెక్క చూపించాలి.

ఆ తర్వాత ఏళ్లు

గ్రేడ్ ఎక్కువున్నవాళ్లు మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి రావాలి. ఆపరేషన్ చోటుని తడిమి చూడటం, ఎంఆర్ఐ, ఛాతీ ఎక్స్‌రే లేదా సీటీ అప్పుడు జరుగుతాయి. మిక్సాయిడ్ ఉన్నవాళ్లకి కొత్తగా నడుం నొప్పి వస్తే దాన్ని వయసుకు వదిలేయకుండా వెన్ను ఎంఆర్ఐ తీయాలి. కాలిలో ఎటిపికల్ రకం తీయించుకున్నవాళ్లకి ఇంత హడావుడి అక్కర్లేదు. కొత్త గడ్డ తగిలితే రమ్మని చెబితే చాలు, ఎందుకంటే మళ్లీ వచ్చినా ఏళ్ల తర్వాత, మెల్లగా వస్తుంది. పొట్ట వెనక రకానికి మాత్రం అయిదేళ్లు గడిచాయని సీటీ మానకూడదు, పదేళ్ల తర్వాత తిరిగి వచ్చినవి ఉన్నాయి. ప్రతిసారి వెళ్లేటప్పుడు గత సీటీ ఒక్కటే కాకుండా ఆపరేషన్ తర్వాత తీసిన మొట్టమొదటి సీటీ సీడీ కూడా తీసుకెళ్లండి. ఏడాదికేడాది అర సెంటీమీటరు చొప్పున పెరిగే కొవ్వు, పక్కపక్క రెండు స్కాన్‌లు పోల్చినప్పుడు "మార్పు లేదు" అనే అనిపిస్తుంది. మొట్టమొదటిదాని పక్కన పెడితే దాని పెరుగుదల బయటపడుతుంది.